పెంకుల మిట్ట

డెట్రాయిట్,
మార్చి 9, 1957.

తమ్ముడు ఈనక్‌కి,

అక్క మోజెల్ రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు మాత్రం బాగాలేవు, అవి ఎప్పుడు బాగున్నాయి గనక. ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. ఊరొదిలి వచ్చేటప్పుడు నాయనమ్మ ఇచ్చిన పువ్వుల కప్పులో కాఫీ పోసుకుని, స్టవ్ పక్కన కూర్చుని రాస్తున్నాను.

డొంకతిరుగుడు నాకు చేతకాదు, నేరుగా అడుగుతాను. లోవీ తెలుసుగా, మన డెల్బీ పిల్లే, ఇక్కడ చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది. వాళ్ళ చెల్లెలు ఊరి నుంచి రాసిందట. అంతర్యుద్ధంలో ఉత్తరాది నీలికోట్ల సైన్యం మన టకర్ వాగు దాటిన చోట, రోడ్డు పక్కన రాష్ట్రం వాళ్ళు ఇనుప పలక నిలబెడుతున్నారట. దానికోసం లెడ్‌బెటర్ అనే తెల్లాయన కారేసుకుని వస్తే, ఆ కారెక్కి చోటు చూపించింది నువ్వేనట. లోవీ ఈ మాట చర్చి మెట్ల మీద నలుగురిలో చెప్పింది. "మీ తమ్ముడికేమమ్మా, పెద్దవాళ్ళ కార్లలో ఊరేగుతున్నాడు!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పలక మీద ఏం రాస్తారు? సైన్యం ఇటుగా నడిచింది, పడవలు కట్టి వంతెన వేసుకుని దాటింది అని రాస్తారు. రాసుకోనీ. బానిసత్వం పోయిందని సంబరపడి పిల్లాజెల్లాతో ఆ సైన్యం వెనకే నడిచిన మనవాళ్ళ మాట రాస్తారా? ఆఖరి సిపాయి దాటగానే వంతెన లాగేసుకున్నారని రాస్తారా? వెనక తరుముకొస్తున్న దక్షిణాది బూడిదకోట్ల వాళ్ళ గుర్రాలు, ముందు డిసెంబరు నీళ్ళు. నాయనమ్మ టెంపీ అప్పటికి పధ్నాలుగేళ్ళ పిల్ల, దుంగ పట్టుకుని ఒడ్డు చేరింది. వాళ్ళమ్మ సిల్వీ, చంకలో చంటాడు చేరలేదు. ఇదంతా నువ్వూ నా పక్కన కూర్చుని విన్నవాడివే.

పలకతో నాకు పని లేదు. నా బెంగ దేవదారు చెట్ల మిట్ట గురించి. అక్కడున్నవాళ్ళని ఎవరినీ కదపనివ్వనని నాయనమ్మ పోయేముందు మాట ఇచ్చింది నువ్వు. చోటు చూపించావా, లేదా? ఒక్క ముక్కలో రాయి.

మీ అక్క,
మోజెల్.


డెల్బీ, జార్జియా,
ఏప్రిల్ 2.

అక్కకి,

నీ ఉత్తరం అందింది. అంచు తడిసి, మళ్ళీ ఎండినట్టుగా అందింది. డెట్రాయిట్ మంచు కాబోలు. ఇక్కడ అందరం క్షేమం. పంది ఈనింది. చిలగడదుంప తీగలు నాటుతున్నాను. కొట్టులో పోస్టు చూసే మిస్ యూలా కొత్త కళ్ళజోడు చేయించుకుంది. ఎంత చిన్న అక్షరాలైనా ఇప్పుడు ఇట్టే చదివేస్తోంది. ఈ వయసులో ఆ కళ్ళు ఉండటం దేవుడి దయ.

లెడ్‌బెటర్ గారు చాలా మంచివారు. బాగా చదువుకున్నవారు. "అంకుల్, మీ ముసలివాళ్ళకి తెలిసినట్టు మా పుస్తకాలకి తెలియదు, ఆ చోటేదో చూపించు" అని నన్ను కారులో ఎక్కించుకున్నారు. చూపించాను. పెద్దవాళ్ళు అంత మర్యాదగా అడిగితే చూపించకుండా ఎలా?

ఇంతకీ మిట్ట అంటావేమిటి? దేవదార్ల కింద ఉన్న ఆ పెంకుల కుప్పా? అది నాయనమ్మ వంటింటి చెత్త అక్కా. పగిలిన పళ్ళేలు, ఆల్చిప్పలు, నడవని గడియారం. అక్కడ ఎవరూ లేరు. ఇన్నేళ్ళు దూరాన ఉండి ఏవేవో ఊహించుకుంటున్నావు. ఇలాంటివి ఉత్తరాల్లో రాయకు, చదివేవాళ్ళు నవ్విపోతారు.

తమ్ముడు,
ఈనక్.


డెట్రాయిట్,
మే 5.

ఈనక్‌కి,

చెత్త అన్నావు. ఆ మాట నీ చేతిరాతలో చూశాక రెండు ఆదివారాలు చర్చికి వెళ్ళలేదు. వెళ్తే ఎవరైనా నీ గురించి అడుగుతారు, నేనేం చెప్పను?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నీ వరస. నేను అడిగింది మిట్ట గురించి. నువ్వు రాసింది లెడ్‌బెటర్ గారి మంచితనం గురించి. అంకుల్ అన్నాడని పొంగిపోయావు కదా. నీ తల నెరిసినా నిన్ను మిస్టర్ అనకుండా తప్పించుకునే మాట అది. నాన్నని అలా పిలిస్తే ఆయన పలికేవాడు కాదు, చెవుడు వచ్చినట్టు నటించేవాడు. నువ్వు కారెక్కావు.

పలక చుట్టూ గడ్డి కోసే పని నీకే ఇచ్చారని లోవీ చెల్లెలు మళ్ళీ రాసింది. అయితే ఇదన్నమాట సంగతి. కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి? మిస్ యూలా కళ్ళజోడు కబుర్లు నాకెందుకు రాస్తావు? ఆవిడ కళ్ళు ఎలా ఉంటే నాకేం! కొట్టు వెనక తలుపు దగ్గర మనల్ని గంటలకొద్దీ నిలబెట్టిన మనిషి ఆవిడ. నీకు ఇప్పుడు అందరూ మంచివాళ్ళే, నాయనమ్మ తప్ప.

చిన్నప్పుడు నువ్వు అబద్ధమాడితే నాకు మొహంలో తెలిసిపోయేది. కాగితం మీద మొహం కనపడదు. అందుకే చెబుతున్నాను, సరైన జవాబు రాకపోతే అట్లాంటాలో ఆ పలకల ఆఫీసుకి నేనే రాస్తాను. మిట్ట ఎక్కడుందో, ఎవరిదో, అన్నీ రాస్తాను. వాళ్ళే వచ్చి చూసుకుంటారు.

మోజెల్.


డెల్బీ,
జూన్ 11.

అక్కకి,

ఎవరికీ ఏమీ రాయకు. నీ తమ్ముణ్ణి, కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకో. పనిలేని సంగతులతో పెద్దవాళ్ళని విసిగించకూడదు.

పలక నిలబెట్టేశారు. వేడుక బాగా జరిగింది. తెల్లబట్టలు కట్టుకుని ఊరి అమ్మగార్లందరూ వచ్చారు. యుద్ధంలో పోయిన తమ బూడిదకోట్ల వాళ్ళ పేర పెద్ద పూలదండ వేశారు. మిస్ యూలా తను అల్లిన పద్యం చదివింది, చాలా పొడుగ్గా, చాలా బాగుంది. నేను టోపీ తీసి చేత్తో పట్టుకుని వెనక నిలబడ్డాను. ఎండ బాగా కాసింది. పలక మీద రాసింది నువ్వన్నట్టే ఉంది. సైన్యం గురించి ఉంది.

ఇంకొక మాట. అమ్మ నీలి పళ్ళెం, నీకివ్వమని చెప్పి పోయిందే, అది పగిలింది. చెయ్యి జారి కాదు. నేనే పగలగొట్టాను. తీసుకెళ్ళి చెత్తలో వేశాను. నాయనమ్మ ఉంటే ఏం చెయ్యమనేదో అదే చేశాను. నువ్వు తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకునే ముందు కాస్త ఆలోచించు.

తమ్ముడు,
ఈనక్.


డెట్రాయిట్,
ఆగస్టు 8.
(లోవీ చేతికిచ్చి పంపుతున్నది)

ఈనక్,

లోవీ వాళ్ళ అల్లుడి కారులో ఆగస్టు ప్రార్థన సభలకి ఊరొస్తోంది. కనుక దీన్ని పోస్టులో వెయ్యడం లేదు. నీ మొహం ఎలా ఉందో చూసి రమ్మని కూడా చెప్పాను.

ఆలోచించమన్నావు, రెండు నెలలు అదే చేశాను. మన వైపు మనిషి పోతే ఆ మనిషి తిన్న పళ్ళెమో తాగిన కప్పో పగలగొట్టి సమాధి మీద పెట్టేవాళ్ళం. చావుల గొలుసు అక్కడితో తెగాలని, ఇంట్లోవాళ్ళు ఒకరి వెంట ఒకరు వెళ్ళిపోకూడదని. నీళ్ళలోంచి తీసిన మనవాళ్ళందరినీ ఆ మిట్ట మీదే పెట్టారు. రాళ్ళు లేవు, పేర్లు లేవు, పెంకులే ఉన్నాయి. తెల్లవాళ్ళ కంటికి అది చెత్తకుప్ప. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకెవరూ చెప్పలేదు. కానీ నీకు తెలుసు. తెలిసీ వాళ్ళ మాటే పలికావు.

మరి అమ్మ పళ్ళెం ఎందుకు పగలగొట్టావు? నా మీద కోపంతోనా? లేక నువ్వు నాకేదో చెప్పాలనుకుంటే నాకు అందలేదా? ఒకప్పుడైతే చదవగానే తెలిసేది. ఇక్కడి శ్మశానంలో గడ్డి సమంగా కోసి ఉంటుంది. మా ఆయన రూఫస్ పోయినప్పుడు ఆయన తాగే గ్లాసు పగలగొట్టి పెట్టి వస్తే, మర్నాటికి ఊడ్చేశారు. మళ్ళీ పెట్టలేదు. నేనూ ఈ ఊరిదాన్నే అయిపోయానేమో. పొద్దున నువ్వు మంచివాడివనుకుంటాను. సాయంత్రానికి ఆ గడ్డి కోసే పని గుర్తొస్తుంది, మళ్ళీ ఒళ్ళు మండుతుంది.

నేను చెయ్యాలనుకున్నది కూడా చేశాను. అదేమిటో నువ్వు నిజం చెబితే నేనూ చెబుతాను.

మోజెల్.


డెల్బీ,
ఆగస్టు 19.
(లోవీ చేతికి)

అక్కా,

లోవీ రేపు పొద్దున బయలుదేరుతుంది. దీన్ని మడిచి తన బైబిల్లో పెట్టుకోమన్నాను, దారిలో ఎవరు ఆపినా బయటికి తియ్యొద్దన్నాను. ఇన్నాళ్ళకి నీతో నోరు విప్పి మాట్లాడుతున్నాను, కాస్త ఓపిగ్గా విను.

గోడలకి చెవులుంటాయంటారు. మన ఊళ్ళో కొట్టు బల్లకి కళ్ళున్నాయి. నీ ఉత్తరాలన్నీ కెటిల్ ఆవిరి మీద విప్పి, చదివి, మళ్ళీ అంటించి నాకిస్తోంది మిస్ యూలా. పోయినేడు మనవాళ్ళు ఓటుకోసం పేర్లు రాయించుకుంటామని అడిగినప్పటి నుంచీ ఉత్తరాది నుంచి వచ్చే, అక్కడికి వెళ్ళే ప్రతి ఉత్తరం అంతే. మార్చి ఉత్తరం నా చేతికిస్తూ "మీ అక్క ఏదో మిట్ట అంటోందే, ఏం మిట్ట ఈనక్?" అని నా మొహం మీదే అడిగింది. సిగ్గు లేదు. అందుకే చెత్త అని రాశాను. అది నీకు రాసిన ఉత్తరం కాదక్కా, ఆవిడకి రాసింది. కళ్ళజోడు మాట నీకు అందుతుందనుకున్నాను. నువ్వు ఇక్కడ పుట్టి పెరిగినదానివేగా!

ఇక చోటు సంగతి. ఆ లెడ్‌బెటర్ ఎవరో ఒకరు చూపించేదాకా వదిలే రకం కాదు. పలక పెట్టడమంటే ఇనుప స్తంభం ఒకటి పాతి పోవడం కాదు. దాని పక్కన కార్లు ఆగడానికి చోటు కావాలట, యంత్రం పెట్టి నేల చెక్కేస్తారట. ఇంకెవరైనా నోరు జారేలోపు నేనే కారెక్కాను. వాగు వెంబడి కిందికి, ఒక మైలు అవతల, హాలోవెల్ వాళ్ళ ఆవుల బీడు మలుపు దగ్గరికి తీసుకెళ్ళాను. "మా నాయనమ్మ ఇక్కడే నిలబడి చూసిందండీ" అన్నాను. ఆ అబద్ధం ఆడుతూ ఏడ్చాను కూడా. ఆ ఏడుపు మాత్రం నిజం. ఆయన జేబురుమాలు ఇచ్చాడు.

ఇప్పుడు ఆ అబద్ధం ఇనుములో పోతపోసి నిలబడి ఉంది. తమాషా ఏమిటంటే, ముసలి హాలోవెల్ రోజూ వసారాలో కూర్చుని దారిన పోయేవాళ్ళకి చెబుతున్నాడు, "మా తాత ఈ కుర్చీలో కూర్చునే సైన్యం దాటడం చూశాడు" అని. ఆ ఇల్లు కట్టింది నాకు బుద్ధి తెలిశాక. నేను వెళ్ళి "అవునండీ, అవునండీ" అంటున్నాను. గడ్డి కోసే పని కావాలని అడిగి పుచ్చుకున్నాను. ఎవరు వస్తున్నారో, ఏం అడుగుతున్నారో తెలియాలి కదా.

యంత్రం ఆ మలుపులో నేల చెక్కుతుంటే నేను చూశాను. ఎవరివో ఆవు ఎముకలు పైకి వచ్చాయి. పనివాళ్ళు కాళ్ళతో పక్కకి నెట్టారు. నేను చెట్టు పట్టుకుని కూర్చుండిపోయాను. మన మిట్ట అయితే అలాగే నెట్టేవాళ్ళు, ఆల్చిప్పలతో పాటు, నాయనమ్మ వాళ్ళమ్మ సిల్వమ్మతో పాటు.

పూలదండ వేసిన రోజంతా ఒకటే లెక్క వేసుకున్నాను. వెంటపడి తరిమినవాళ్ళకి పూలదండ, పద్యం. వంతెన లాగేసుకున్నవాళ్ళకి పలక. మునిగిపోయినవాళ్ళకి ఏదీ లేదు. అందుకని ఇంట్లో ఉన్నవాటిలో మంచిది ఏదో వెతికాను. అమ్మ పళ్ళెం దొరికింది. దేవదార్ల కిందికి తీసుకెళ్ళి, పెద్ద రాతి మీద కొట్టి, ముక్కలన్నీ సిల్వమ్మ మీద పెట్టాను. నీది నీకు చెప్పకుండా ఇచ్చేశాను. అది మాత్రం తప్పే.

నీ అనుమానం తీరింది కదా, ఇప్పుడు నా అనుమానం చెబుతాను, విను. మొన్న మంగళవారం లెడ్‌బెటర్ మళ్ళీ వచ్చాడు. చేతిలో ఎవరిదో ఉత్తరం ఉంది. "అంకుల్, టకర్ వాగు పైన దేవదార్ల మిట్ట మీద పెంకుల కింద సమాధులున్నాయట, నిజమా? వాగు దాటింది కూడా అక్కడేనట" అన్నాడు. ఉత్తరం నాకు చూపించలేదు, డెట్రాయిట్ ముద్ర మాత్రం కనపడింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "మా అక్కండీ, పెద్దదైపోయింది, మతి నిలకడగా లేదు" అన్నాను. సగం నమ్మాడు. అక్టోబరులో మళ్ళీ వస్తానన్నాడు, పారలు పట్టుకుని, ఇద్దరు మనుషులతో.

అది నువ్వు రాసిందే కదూ? ఒట్టు పెట్టి చెప్పక్కర్లేదు. కానీ ఒక్క నా మాట వల్ల వాడు ఆగడు. ఏం చెయ్యాలో నీకే తెలుసు. నాకు రాసేటప్పుడు మాత్రం మిస్ యూలా కూడా చదువుతుందని గుర్తుపెట్టుకో.

నీ తమ్ముడు,
ఈనక్.


డెట్రాయిట్,
సెప్టెంబరు 2.

తమ్ముడు ఈనక్‌కి,

అక్క ఆశీస్సులు. మిస్ యూలాకి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ కళ్ళు ఇంకా బాగుండాలని దేవుణ్ణి కోరుతున్నాను.

లోవీ క్షేమంగా చేరింది. నీ మొహం ఎలా ఉందని అడిగితే "నాయనమ్మ మొహమే" అంది. ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను.

నీతో ఒకటి ఒప్పుకోవాలి. నువ్వు వద్దంటున్నా జులైలో అట్లాంటా ఆఫీసుకి ఒక పిచ్చి ఉత్తరం రాశాను. ముసలితనంలో మనసు ఎటో పోయింది. ఇప్పుడు కుదురుగా ఆలోచిస్తే నువ్వు చెప్పిందే నిజమని తెలిసింది. అందుకని వాళ్ళకి మళ్ళీ రాశాను. లెడ్‌బెటర్ గారూ, సైన్యం దాటింది మీరు పలక పెట్టిన చోటే, మా నాయనమ్మ నా ఎదుటే ఆ మలుపు చూపించి చెప్పింది, నేనే మరిచిపోయి తారుమారు చేశాను, క్షమించండి అని రాశాను. ఆ దేవదార్ల కింద ఉన్నది మా నాయనమ్మ వంటింటి చెత్త, అంతకన్నా ఏమీ కాదు, అక్కడ ఎవరూ లేరు అని కూడా రాశాను.

ఆ ఒక్క మాట దగ్గర కలం ఆగిపోయింది. సిరా మంచిది కాదు. కాగితం మార్చి, మళ్ళీ రాయాల్సి వచ్చింది. వయసు మీద పడితే చిన్న మాట రాయడానికి కూడా ఎంత కష్టమో నీకు తెలుసుగా. ఏప్రిల్లో నీకూ ఇలాగే అయ్యుంటుందని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను తమ్ముడూ, ఒక్కటీ మిగలకుండా.

వాళ్ళ నుంచి జవాబు రానే వచ్చింది, ఇంత తొందరగా వస్తుందనుకోలేదు. సందేహం తీరింది, మళ్ళీ రావలసిన అవసరం లేదు, చరిత్రకి చేసిన సాయానికి కృతజ్ఞతలు అని ఉంది.

అమ్మ పళ్ళెం గురించి బాధపడకు. నేనుంటే నేనూ అలాగే పారేసేదాన్ని. మన ఇంట్లో పగిలిన సామాను దాచుకునే అలవాటు లేదు.

ఇక్కడ నా దగ్గర కూడా ఒకటి పగిలింది, నాయనమ్మ ఇచ్చిన పువ్వుల కప్పు. ఇన్నేళ్ళూ భద్రంగా ఉండి మొన్ననే, వంటింటి గట్టు మీద. అతుకుదామంటే నాకు ఓపిక లేదు, అక్కడ ఎవరైనా అతుకుతారేమో చూడమని పార్సెల్ చేస్తున్నాను. ఒక్క ముక్క కూడా వదలకుండా ఏరి పెట్టాను. పోస్టాఫీసు కుర్రాడు "పగిలే సామానా అమ్మా? జాగ్రత్త అని ముద్ర వెయ్యమంటారా?" అని అడిగాడు. "అక్కర్లేదు బాబూ, దాని పని అది ముందే చేసేసింది" అన్నాను.

మీ అక్క,
మోజెల్.


డెల్బీ,
సెప్టెంబరు 20.

అక్కకి,

పార్సెల్ అందింది. మిస్ యూలా కొట్టులోనే విప్పి చూసింది. "అయ్యో ఈనక్, మీ అక్క పంపిన కప్పు ముక్కలు ముక్కలైపోయిందే! ఎంత చక్కటి పువ్వులో" అని నిజంగానే బాధపడింది పాపం. పోస్టువాళ్ళని తిట్టింది కూడా. "ఇక అతకదు, ఏం చేస్తావు?" అంది.

"ఏం చేస్తానండీ, చెత్తలో వేస్తాను" అన్నాను.

అలాగే చేశాను అక్కా. నువ్వు చెప్పినట్టే ఒక్క ముక్క కూడా వదలకుండా, అమ్మ పళ్ళెం పక్కన, పొద్దుటి ఎండ పడేచోట వేశాను. పువ్వులున్న ముక్కలు పైకి కనపడేలా వేశాను. సిల్వమ్మకి నీ పేరు చెప్పాను.

ఇక్కడ అందరూ క్షేమం. ఎవరూ కదల్లేదు.

తమ్ముడు,
ఈనక్.